నరాలు చేతులు వదిలిన పొద్దు

ఒకప్పుడు మనిషి లోపల నరాలన్నీ చేతులు పట్టుకునే బతికేవి. ఒకదాని చేతిలో ఇంకోదాని చెయ్యి, దాని చేతిలో మరోదాని చెయ్యి. మధ్యలో వెంట్రుక దూరేంత సందు కూడా ఉండేది కాదు.

దాంతో పెద్ద చిక్కొచ్చిపడేది. అరికాల్లో ముల్లు గుచ్చుకుంటే ఆ కబురు కాలి దగ్గర ఆగేది కాదు. మెరుపులా నరాలన్నిట్లోకీ పాకేది. కాలు ఎగిరేది, కళ్ళు మూసుకునేవి, నాలుక బయటికొచ్చేది. ఏ పాపం ఎరగని కడుపు కూడా గుడగుడలాడేది.

కొండమీద గూడెంలో రేలమ్మ అనే పిల్ల ఉండేది. ఆ పిల్ల లోపలి నరాలదీ ఇదే గోల.

"ముల్లు గుచ్చుకుంది కాలికి కదర్రా, నన్నెందుకు ఏడిపిస్తారు?" అని సణిగేది చెవి కబుర్లు మోసే చెవి అత్త.

"అయినవాళ్ళం కదమ్మా, ఏదొచ్చినా అందరికీనూ" అని నవ్వేవాడు వెన్ను తాత. ఆయన వెన్నుపూసల మధ్య పడుకుని ఉండే ముసలి నరం.

ఆ నరాల్లోనే సన్నమ్మ ఉండేది. కాళ్ళకు కబురు పంపడం ఆమె పని. నడుము దగ్గర, వెన్ను లోపల, ఆమె చెయ్యి పిక్క బావ చేతిలో ఉండేది. బావ అక్కణ్ణుంచి దిగి దిగి కాలి పిక్కదాకా పోయే నరం. పుట్టిన దగ్గర్నుంచీ ఆ అరచేతి వెచ్చదనమే సన్నమ్మకి లోకం. రేలమ్మ నిద్రపోతే వాళ్ళ చేతుల్లోంచి చిన్న చిన్న మెరుపులు పారేవి.

"బావా, ఈ కల నీదా, నాదా?" అనేది సన్నమ్మ.

"ఎవరిదైతే ఏంటి పిల్లా, వెచ్చగా ఉందిగా" అనేవాడు బావ.

చెయ్యి వదలకూడదని నరాలకు గట్టి కట్టడి. "వదిలిన నరం చీకట్లో ఒంటిగా ఎండిపోతుంది" అని వెన్ను తాత భయపెట్టేవాడు. అందుకే ఏ కాస్త జడుసుకున్నా నరాలన్నీ చేతులు మరింత బిగించేవి.

ఒక వేకువన రేలమ్మ ఇప్పపూలు ఏరుకోవడానికి అడవిలోకి వెళ్ళింది. చెట్టుకింద పూలు ముత్యాల్లా రాలి ఉన్నాయి. వాసన మత్తుగా, తియ్యగా ఉంది. పిల్ల వంగి బుట్టలోకి ఏరుతోంది.

చెట్టు అవతల ఏదో గుర్రుమంది.

చెవి అత్త ఉలిక్కిపడింది. కళ్ళ కబురు మోసే కంటి మామ అటు చూశాడు. నల్లటి బొచ్చు. కొడవళ్ళలాంటి గోళ్ళు. పూలు తింటున్న మూతి మెల్లగా ఇటు తిరిగింది.

"ఎలుగుబంటి!" అని అరిచాడు కంటి మామ.

ఆ అరుపు చేతుల్లోంచి చేతుల్లోకి దూకింది. తలంతా తిరిగి, ఒళ్ళంతా తిరిగి, బయల్దేరిన చోటికే మరింత పెద్దదై వచ్చింది. మళ్ళీ తిరిగింది. "ఎలుగు! ఎలుగు! ఎలుగు!" నరాలన్నీ చేతులు బిగించాయి. బిగించినకొద్దీ భయం ఇంకా జోరుగా పరిగెత్తింది.

బయట రేలమ్మ కర్రలా బిగుసుకుపోయింది. పళ్ళు కరుచుకున్నాయి. కాలిని ముందుకు లాగే నరమూ, వెనక్కి లాగే నరమూ ఒకేసారి లాగితే ఆ కాలు ఎటు కదులుతుంది?

ఎలుగు వెనక్కాళ్ళ మీద లేచి నిలబడింది.

"బావా, పరిగెత్తించు!" అంది సన్నమ్మ.

"ఏం వినబడట్లేదే! అంతా ఒకటే అరుపు! నువ్వేమంటున్నావ్?"

"నావల్ల కావట్లేదర్రా, ఆగిపోతున్నా" అని గుండె దగ్గర్నుంచి ఒక సన్నటి ఏడుపు.

అప్పుడు సన్నమ్మకి అర్థమైంది. ఈ భయానికి ఎక్కడా ఆగే చోటు లేదు. ఎందుకంటే ఈ చేతులకి ఎక్కడా తెంపు లేదు.

బావ చెవి దగ్గరగా వంగి గట్టిగా అరిచింది. "చెయ్యి వదులు బావా!"

"పిచ్చెక్కిందా నీకు? చచ్చిపోతావ్!"

"ఇట్లాగే పట్టుకుంటే పిల్ల చచ్చిపోతుంది!"

"మళ్ళీ పట్టుకుంటావుగా?"

సన్నమ్మ ఒక్కొక్క వేలే విడిపించుకుని చెయ్యి లాగేసుకుంది.

ఒక్కసారిగా చీకటి. బావ ఎదురుగానే ఉన్నాడు, వెంట్రుకంత దూరంలో. కానీ వెచ్చదనం లేదు. "బావా!" అని పిలిస్తే మాట అటు చేరలేదు. తాత చెప్పినట్టే ఎండిపోతున్నాననుకుంది.

ఇంతలో భయపు మెరుపు వెనకనుంచి ఉరికొచ్చి ఆమె వేలికొసల దగ్గర ఆగిపోయింది. పోవడానికి దారి లేదు. వేలికొసలు ఉబ్బాయి. చిట్లి, ఒక చిన్న చుక్క బయటికొచ్చింది. సందులో తేలుతూ వెళ్ళి బావ అరచేతిలో పడింది.

ఆ చుక్కలో ఒకటే మాట ఉంది. పరుగు.

అవతల అరుపుల్లేవు. అందుకే ఆ ఒక్క మాటా బావకి స్పష్టంగా వినబడింది. పిక్క బిగిసింది. కాలు లేచింది!

సన్నమ్మ చుక్క మీద చుక్క విసిరింది. రేలమ్మ బుట్ట వదిలేసి పరుగందుకుంది. వెనక గాలి చీలిన చప్పుడు. ఎలుగు గోరు వీపుమీద చెంగు చింపుకుపోయింది. పిల్ల ఆగలేదు. తుప్పలు దాటి, రాళ్ళు దాటి, గూడెంలో అమ్మ కాళ్ళమీద పడిపోయింది.

సన్నమ్మని చూసి మిగతా నరాలూ ఏడుస్తూ ఏడుస్తూ చేతులు వదిలాయి. రేలమ్మ వణుకు మాత్రం ఎంతకీ తగ్గలేదు. అప్పుడు వెన్ను తాత తంటాలు పడి వేరే రకం చుక్క తీశాడు. అందులో మాట, ఊరుకో. అది పడ్డాకే గుండె నెమ్మదించింది.

"ఇంక ఫరవాలేదు కదా తాతా" అని సన్నమ్మ బావవైపు చెయ్యి చాచింది. బావ కూడా చాచాడు.

"వద్దమ్మా" అన్నాడు వెన్ను తాత. "ఎలుగు అడవిలోనే ఉంది."

చాచిన చేతులు వెంట్రుకంత దూరంలో అలాగే ఆగిపోయాయి.

అప్పటినుంచే మన లోపల నరానికీ నరానికీ మధ్య కంటికి కనబడనంత సందు ఉంటుంది. నరంలో కబురు మెరుపై పరిగెడుతుంది, సందు దగ్గరికొచ్చి చుక్కై దాటుతుంది. కొన్ని చుక్కలు పద అంటాయి, కొన్ని ఊరుకో అంటాయి. ఎప్పుడైనా మీ వెనక చీకట్లో ఏదో కదిలితే, గుండె ఝల్లుమని, కాళ్ళు లేచేలోపల ఒక్క రవ్వంత సేపు ఒళ్ళంతా ఆగిపోతుంది చూడండి. అప్పుడు మీ లోపల ఒకరు చుక్క విసిరి ఊపిరి బిగబట్టుకుని ఉంటారు. అవతల ఇంకొకరు అరచెయ్యి చాచి ఎదురుచూస్తుంటారు.