గన్నేరు దండ

ఎవరేం చెప్పినా సగంలోనే "తెలుసులే" అని అడ్డుపడే యల్లమంద, నరసరావుపేటలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పుతూ బతికేవాడు. ఆ తెల్ల గుర్రం పేరు మల్లి. పిల్లలు లేని ఆ ఇంట్లో అదే కూతురు.

ఒకరోజు భార్య నాంచారమ్మ చెల్లెలి కాన్పుకు వెళుతూ గుమ్మంలో ఆగింది.

"ఇదిగో, పెరట్లో గన్నేరు చెట్టుంది, జాగ్రత్త. మల్లిని దాని దగ్గర కట్టేయకు. ఆ ఆకు..."

"తెలుసులేవే! దూరంగానే కట్టేస్తాను. నువ్వు బస్సు సంగతి చూసుకో."

"పూర్తిగా విని చావవయ్యా!"

"విన్నాగా! గన్నేరు దగ్గర కట్టేయకూడదు. ఇంకేముంది వినడానికి?"

నాంచారమ్మ నుదురు కొట్టుకుని బస్సెక్కింది.

యల్లమంద మాట తప్పలేదు. మల్లిని వీధివైపు కట్టేశాడు. మర్నాడు సాయంత్రం ఊరేగింపు ఉంది. ముహూర్తాల రోజులు కావడంతో బజారంతా వెతికినా బంతిపూలు దొరకలేదు. గుర్రం మెడ బోసిగా ఉంటే పెళ్లివారు ఊరుకుంటారా? పెరట్లో చూస్తే ఎర్రగన్నేరు విరగబూసి ఉంది. గబగబా కొమ్మలు విరిచాడు. మధ్య మధ్య ఆకులు కూడా చేర్చి, గుర్రం ఛాతీ మీదికి వేలాడేలా లావుపాటి దండ కట్టాడు.

విడిదింట్లో పెళ్లికొడుకు ముస్తాబు ఎంతకీ తెమల్లేదు. బయట నిలబడి విసిగిపోయిన మల్లి తల వంచి దండ నమలసాగింది.

"ఆకలేస్తోందా తల్లీ? ఫొటోలకి కాస్త మిగుల్చు" అని నవ్వాడు యల్లమంద.

పెళ్లికొడుకు బయటికి వచ్చేసరికి మల్లి నోట చొంగ కారుతోంది. కాళ్లు వణికాయి. ఉన్నచోటే కూలబడింది. బాజాలు ఆగిపోయాయి.

పరుగున వచ్చిన పశువుల డాక్టరు దండ చూసి తల పట్టుకున్నాడు.

"గుర్రం మెడకు గన్నేరు కట్టావా? ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమేనయ్యా! గుండె మీద దెబ్బకొడుతుంది. నీకెవరూ చెప్పలేదా?"

"మా ఆవిడ చెప్పబోయింది సార్..." అన్నాడు యల్లమంద.

ఎంతో వైద్యం జరిగాక మల్లి ప్రాణం దక్కింది. కానీ గుండె బలహీనపడిందనీ, ఇక దాని మీద ఎవరినీ ఎక్కించకూడదనీ డాక్టరు తేల్చేశాడు.

కబురందుకుని వచ్చిన నాంచారమ్మ మల్లి మెడ నిమురుతూ మొగుడి వైపు చూసింది.

"గుర్రాన్ని చెట్టుకు దూరంగా కట్టేశావు. చెట్టును తీసుకొచ్చి గుర్రానికి కట్టావు. నిన్నేమనాలయ్యా?"



హెచ్చరికను సగమే విన్నవాడు, తనను కాపాడే సగాన్నే వదులుకుంటాడు.