ఉండుకానికి రెండో గుమ్మం ఎందుకు లేదు

ఒకప్పుడు మనిషి పొట్టలో ఉండుకానికి రెండు గుమ్మాలుండేవి, పెద్ద గొంతు కూడా ఉండేది. ఉండుకమంటే డాక్టర్లు అపెండిక్స్ అంటారే, ఆ పేగుముక్క.

"నాలో ఒక మంచిగుణం ఉంది. నా గొంతంటే నాకు మహా ఇష్టం. అది లేనివాడు కాపలా ఏం కాస్తాడు?" అని వాడు కనబడిన వాళ్లందరికీ చెప్పుకునేవాడు.

పెద్దపేగు వాడికి పెద్దక్క, చిన్నపేగు చిన్నక్క. పేరుకే చిన్న, చుట్టలు చుట్టుకుని పడుకుంటే పొట్టంతా ఆవిడే. వాళ్లిద్దరూ కలిసే మూలన ఉండుకం కాపలా.

పొట్టలోకి ఎండ రాదు. ఎప్పుడూ చీకటే. ఆ చీకట్లో ఏదో తడితడిగా కదిలేది.

"ఎవరక్కడ?" అని ఉండుకం మూడుసార్లు అడిగేవాడు. మూడోసారికీ జవాబు రాకపోతే "దొంగ!" అని కేక పెట్టేవాడు. వెంటనే రక్తంలోంచి భటులు కాగడాలతో వచ్చి ఆ చోటు కాల్చేసేవాళ్లు. అదీ అక్కడి ఆచారం.

కానీ అక్కడ కదిలేవి కంటికి ఆనని చిట్టిజీవులు. చాలావరకు పెద్దక్క ఇంట్లో తరతరాలుగా కాపురమున్నవే. వాటికి నోళ్లు లేవు. ఎవరని అడిగితే ఏం చెబుతాయి?

కాగడాలు పెద్దక్క గోడలకే తగిలేవి. గోడలు పుళ్లు పడ్డాయి. నెత్తురు కారింది.

"నీ నోరు పడిపోను! మా ఇంట్లోవాళ్లని దొంగలంటావేంట్రా? ఇంకోసారి అరిచావంటే నేను బతకను" అని ఏడ్చింది పెద్దక్క.

"నేను అరవకపోతే నీకు దిక్కెవరక్కా?"

"పోనీలేవే, వాడి కేక వింటేనే నాకు నిద్ర పడుతుంది" అంది చిన్నక్క.

పెద్దక్క వినలేదు. మనుషుల పొట్టలు కుట్టే అమ్మకి మొరపెట్టుకుంది.

పైకప్పు చీలింది. తెల్లటి వెలుతురు దిగింది. దాంతోపాటు రెండు వేళ్లు.

"ఎవరక్కడ?" అన్నాడు ఉండుకం. వేళ్లు పలకలేదు. రెండోసారి అడిగేలోపే వాణ్ణి కత్తిరించి పైకి తీసేశాయి. చీలిక మళ్లీ కుట్టుకుపోయింది.

అమ్మ అరచేతిలో పడుకుని, ఉండుకం పొట్టకి చెవి ఆనించాడు. పెద్దక్క మూలగడం లేదు. పుళ్లు మానుతున్నాయి. 'నేను లేకపోతేనే హాయిగా ఉందన్నమాట' అనుకున్నాడు. సిగ్గేసింది.

అంతలో చిన్నక్క గొంతు.

"తమ్ముడూ, ఎవరో నడుస్తున్నారురా. ఉన్నావా?"

వాడు అరిచాడు. పొట్ట బయట ఆ గొంతు పలకలేదు.

"తమ్ముడూ, నువ్వేనా?"

మళ్లీ అరిచాడు. గాలి కూడా కదల్లేదు.

"మూడోసారి అడుగుతున్నానురా. ఎవరక్కడ?"

జవాబు రాలేదు. "దొంగ!" అంది చిన్నక్క. కాగడాలు వచ్చాయి. అక్కడ ఆవిడ తప్ప ఎవరూ లేరు. కాగడాలు ఆవిడనే కాల్చాయి.

ఉండుకం అమ్మ వేలు పట్టుకుని వేలాడాడు. ఆవిడ వంగి వాడి పెదాల దగ్గరే చెవి పెట్టి వింది.

"నా గొంతు తీసేసుకో అమ్మా. నన్ను మాత్రం చిన్నక్క పక్కన పెట్టు. చేత్తో తడుముకుంటే ఉన్నానని తెలుస్తుంది."

అమ్మ వాడి గొంతు తీసుకుంది. అరవడానికి గాలి ఆడకుండా ఒక గుమ్మం ముడేసింది. మళ్లీ తియ్యాల్సొస్తే తేలిగ్గా ఉంటుందని మూలన వదులుగా వేలాడదీసింది.

అప్పటినుంచే ఉండుకం ఒకవైపు మూసుకుపోయిన తోకలా, మాటా పలుకూ లేకుండా అక్కడ వేలాడుతున్నాడు. వాణ్ణి తీసేస్తే కొందరి పొట్టల్లో పెద్దపేగు చల్లబడుతుంది, కొందరి పొట్టల్లో చిన్నపేగు మండుతుంది, చాలామందికి ఏమీ కాదు. ఎవరి పొట్టలో ఏది జరుగుతుందో వాడింకా తెలుసుకోలేదు.