ముదిరిన రాయి

రాజుగారి మడమకు నొప్పొస్తే తప్పెవరిదండీ? నేల మీది రాయిదట. వినండి మరి.

నల్లగుట్ట సంస్థానంలో కొలువుకూటంలోకి ఎవరూ చెప్పులతో రాకూడదు. మూలపురుషుడి కత్తి ఉండేది అక్కడే కాబట్టి రాజుకైనా వట్టికాళ్ళే. ఏళ్ళ తరబడి ఆ బండల మీద చకచకా నడిచిన రంగభూపాలుడు ఓరోజు సింహాసనం దాకా కుంటుకుంటూ వచ్చాడు. ఈ బండలు మునుపింత గట్టిగా లేవు, ఇప్పుడెందుకు గట్టిపడ్డాయో తేల్చండని మంకుపట్టు పట్టాడు.

కారణం అందరికీ తెలుసు. రాజుగారికి డెబ్బై దగ్గరపడుతున్నాయి. కానీ పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

ఆస్థాన వైద్యుడు భుజంగశాస్త్రి అసలే కట్టడు. రాజుకు నిత్యయౌవన లేహ్యం తినిపించేది ఆయనే మరి. తనూ అది తినే ముప్పై దగ్గర ఆగిపోయానంటాడు. రోజూ మీసానికి పూసే కాటుక సంగతి మాత్రం చెప్పడు.

రాయి కూడా ముదురుతుందనీ, పరిచినవాడు ముదురు రాయి వేశాడనీ, తనకూ ముళ్ళ మీద నడిచినట్టే ఉందనీ శాస్త్రి తేల్చేశాడు. ఇంకేముంది, బండలు పరిచిన పోతులయ్యను పెళ్ళాంబిడ్డలతో సహా పొద్దుగుంకేలోగా ఊరు దాటించమని ఆజ్ఞ అయింది. పాపం, కొలువుకు పట్టుకొచ్చిన ఆ మనిషి విదూషకుడు కొండుభట్టు వంక చూశాడు.

కొండుభట్టు చిన్న పరీక్షకు సెలవడిగాడు. కొలువులో ఉన్నవాళ్ళంతా మడమలు నేలకు తగిలేలా ఒక్కసారి గెంతాలట. రాజుకు సరదా పుట్టి సరేనన్నాడు.

ధబ్బుమని గెంతారు. తలపాగాలు దొర్లాయి, ఒకరిద్దరి పంచెలూ జారాయి. కుర్ర భటులు ఇంకోసారి గెంతమంటారా అని అడిగారు. ముసలి మంత్రి, పురోహితుడు మాత్రం "అబ్బా" అంటూ మడమలు పట్టుకుని కూలబడ్డారు. శాస్త్రి గెంతకుండానే మెల్లగా స్తంభం చాటుకు తప్పుకున్నాడు.

కొండుభట్టు ఓ భటుడి మడమ నొక్కితే మెత్తగా దిగి మళ్ళీ పొంగింది. మంత్రిగారిది నొక్కితే వేలికి ఎముకే తగిలింది. చూస్తూ చూస్తూ రాజు కూడా వంగి తన మడమ నొక్కుకున్నాడు. ఆయన మొహం మాడిపోయింది.

"దేవుడు మడమ కింద చిన్న పరుపు కుట్టి పంపుతాడు ప్రభూ. ఏళ్ళ తరబడి తొక్కితే ఏ పరుపైనా పలచబడి గట్టిపడుతుంది. రాయి ఎప్పటి రాయే" అన్నాడు కొండుభట్టు.

"అంటే నేను..." అని రాజు ఆగిపోయాడు. పోతులయ్య కళ్ళు మూసుకున్నాడు.

"తమ సంగతి అటుంచండి ప్రభూ. ముప్పయ్యేళ్ళ శాస్త్రిగారి మడమకు రాయెందుకు గుచ్చుకుందో, అదే నాకు అంతుపట్టడం లేదు."

శాస్త్రి ఇరుక్కుపోయాడు. నొప్పి ఉందంటే లేహ్యం అబద్ధం. లేదంటే రాయి ముదిరిందన్నది అబద్ధం. చివరికి నొప్పేమీ లేదని గొణిగాడు.

"అయితే గెంతు" అన్నాడు రాజు.

గెంతాడు. "ఓరి నాయనో" అని కేక పెట్టి మడమ పట్టుకుని ఒంటికాలి మీద గిర్రున తిరిగాడు. చెమటకు కాటుక కారి తెల్లమీసం బయటపడింది. రాజు పొట్ట పట్టుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆయన నవ్వాక కొలువు ఆగుతుందా?

పోతులయ్యను ఇంటికి పొమ్మని, రాజు తన కాలి గండపెండేరం తీసి కొండుభట్టు కాలికి తొడిగాడు. తర్వాత శాస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు.

"రావయ్యా ముసలాడా. మీ ఇంట్లో ఉన్న బూరుగుదూది పరుపులన్నీ తెప్పించి ఇక్కడ పరిపించు. మనిద్దరం వాటి మీదే నడుద్దాం."