దస్తగిరి రాయి

"రాయి పట్టకారుకు చిక్కాక ఇంక భయమెందుకు సార్?" అని డాక్టర్ వైదేహి ఒక ఉదయం ఆపరేషన్ థియేటర్ బయట చేతులు కడుక్కుంటూ అడిగింది. ఆమె గురువు డాక్టర్ పరాంకుశంగారికి ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. "పద, ఈ కేసు నువ్వే చెయ్యి," అన్నారు.

బల్లమీద ఉన్నవాడు దస్తగిరి, ఆటో నడుపుకునేవాడు. పుట్టుకతోనే ఒక్క కిడ్నీ. దాని కింది మూత్రనాళంలో రాయి అడ్డంపడి ప్రాణంమీదికి తెచ్చింది. ఆ నాళం గనక తెగిందా, బతుకంతా డయాలిసిస్ చుట్టూ తిరగాల్సిందే. నడుముకు మత్తిచ్చారు కాబట్టి కాళ్ళు మొద్దుబారాయిగానీ, నోరు మాత్రం ఆడుతూనే ఉంది. "దొరికిందా మేడం? దొరికిందా?" అని ఒకటే నస.

సన్నటి గొట్టంలోంచి దూర్చిన పట్టకారు టీవీ తెరమీద నోరు తెరిచి రాయిని కరుచుకుంది. "దొరికింది దస్తగిరీ!" అనేసింది వైదేహి. అక్కడే వచ్చింది చిక్కంతా. లాగితే రాయి కొంత దూరం వచ్చి ఆగిపోయింది. ఇంకాస్త లాగింది. రాయితోపాటు నాళం గోడ కూడా ముడతలుపడి కిందికి జరగడం తెరమీద కనబడుతూనే ఉంది. కానీ మాట నోరు దాటిపోయిందాయె! ఉడుంపట్టు పట్టింది.

"వదిలెయ్యమ్మా," అన్నారు పరాంకుశంగారు. ఆయన చెయ్యి మాత్రం ముందుకు రాలేదు.

"వదిలితే మళ్ళీ పైకి పోతుంది సార్! దొరక్క దొరక్క దొరికింది."

"పోనీ."

వైదేహికి ఏడుపొచ్చినంత పనైంది. అంతమంది ముందు, రోగి వింటుండగా, చిక్కినదాన్ని జారవిడవడమంటే ఎంత నామర్దా! అయినా వేళ్ళు సడలించింది. "పోయింది దస్తగిరీ, మళ్ళీ పట్టాలి," అని చెప్పింది కూడా. ముడతలుపడ్డ గోడ మెల్లగా సర్దుకుంది. రాయి గొట్టంలోంచి వదులుతున్న నీటి ధారకు దొర్లి పక్కకు తిరిగింది. అప్పుడుగానీ ఆమెకు తెలియలేదు, అది కోలగా ఉందని, ఇందాకటినుంచీ తను దాన్ని నడిమధ్య పట్టుకుని అడ్డంగా ఈడుస్తోందని. ఈసారి కొస పట్టుకుంది. బలం పెట్టే పనే లేకుండా వచ్చేసింది.

గోధుమగింజకంటే కాస్త పెద్దదైన ఆ రాయిని చూసి దస్తగిరి, "దీని దుంపతెగ, నన్నింత ఏడిపించింది ఇదేనా?" అని నవ్వేశాడు. అతని కిడ్నీ దక్కింది, నాళమూ దక్కింది.

బయటికొచ్చాక వైదేహి సంబరం ఆపుకోలేకపోయింది. "సార్, ఇవాళ్టితో రాయి తీయడం వచ్చేసింది నాకు."

"అది నీకు నిన్ననే వచ్చు తల్లీ," అన్నారు పరాంకుశంగారు. "ఇవాళ వచ్చింది ఇంకోటి."