హారన్ మోగితే వెనక్కి చూసిన నూకరాజు

అనగనగా జీడితోటల మధ్య ఒక ఊళ్ళో నూకరాజు అని గుడ్లు అమ్ముకునే ఆయన ఉండేవాడు. దుప్పటి తన్నేయకు బుజ్జీ, విను. అతనికో సైకిలు, ఒక్కగానొక్క కూతురు పైడితల్లి. బడేమో పక్కూళ్ళో, బస్సేమో రాదు. అందుకని పొద్దున్నే కూతుర్ని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని బళ్ళో దింపేవాడు. ఆ తర్వాతే గుడ్ల బేరం.

ఆ ఊరి దారిలో హారన్ అంటే పిలుపే. ట్రాక్టరు మోగించినా, పాల వ్యాను మోగించినా, జీడిపిక్కల లారీ మోగించినా, వెనక్కి తిరిగి చెయ్యెత్తి "ఎటు బావా?" అని పలకరించాలి. లేకపోతే "ఏటి, నూకరాజుకి పొగరెక్కిందా?" అనేవారు.

అప్పుడు ఒకరోజు పట్నం హోటలు వాళ్ళు గుడ్లు కావాలని కబురు పెట్టారు. పెళ్ళాం సన్నాసమ్మ, "అక్కడ హారన్ మోగితే తల తిప్పకు మావా, ఎడం పక్కనే పో" అంది. "సర్లేవే" అన్నాడు. అన్నాడే గానీ, పుట్టి పెరిగిన అలవాటు ఎక్కడికి పోతుంది?

పట్నంలో మొదట ఆటో మోగింది. చూశాడు. "చావడానికి నా బండే దొరికిందా?" అని తిట్టిపోయాడు ఆటోవాడు. ఆ తర్వాత బస్సు మోగింది. చూశాడు. హ్యాండిల్ వంకరపోయి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. అప్పుడు కారు మోగింది. పిచ్చిమారాజు, మళ్ళీ వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు!

కారు గుద్దేసింది. గుడ్లన్నీ రోడ్డుపాలు. కాలు మోకాలి కింద నుజ్జయిపోయింది. జనం మూగి, "సైకిలు వాళ్ళకి ఈ రోడ్డు మీద పనేంటి?" అన్నారు. ఛీ, ఏం జనమో! గుద్దినవాడైతే వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

పట్నం ఆసుపత్రిలో ఆ కాలు తీసేశారు. ఆ తర్వాత నూకరాజు చంకలో కర్రతో ఇల్లు చేరాడు. తొక్కేవాళ్ళు లేక పైడితల్లి బడి ఆగిపోయింది. ఆ పిల్ల కూర్చునే క్యారియర్ మీద ఇప్పుడు కోళ్ళు పడుకుంటున్నాయి. దారిలో ట్రాక్టరు మోగిందంటే నూకరాజు గోడకేసి తిరిగి కూర్చుంటాడు. తలుచుకుంటే నాకు కడుపు మండిపోతుందే బుజ్జీ.

నువ్వు పట్నం రోడ్డు మీద సైకిలెక్కితే హారన్‌కి తల తిప్పకు. ఎవరైనా పడితే మాత్రం తిరిగి చూడు, ఆగు.

కథేమో కంచికి,
మనమేమో మంచానికి,
నూకరాజు కాలేమో పట్నానికి,
పైడితల్లి చదువేమో కోళ్ళగూటికి.