గిన్నె మీద చిటికెడు ఉప్పు

దుప్పటి కాళ్ళ మీదకి లాక్కుని ఇటు తిరుగు. సాయంత్రం బళ్ళోంచి వస్తూనే ఏమన్నావు? "కొత్తగా వచ్చిన పిల్లకి ఏమీ రాదమ్మమ్మా, మాటే రాదు" అన్నావు కదూ. సరే, కథ చెప్తాను, ఊఁ కొట్టు. ఊఁ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, నా సంగతి నీకు తెలుసు.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో అందరూ ఉప్పు పండించేవాళ్ళు. మడులు కట్టి, వాటిలోకి సముద్రపు నీళ్ళు పెట్టేవాళ్ళు. ఎండకి నీళ్ళు ఆవిరైపోయేవి, అడుగున తెల్లగా ఉప్పు పేరుకునేది. ఆ ఊరి పేరు ఉప్పురేవు.

ఒకరోజు ఆ రేవుకి మూడు పడవలొచ్చాయి. పడవల నిండా జనం. ముసలివాళ్ళు, పసివాళ్ళు, ఆడా మగా. ఒంటి మీది బట్ట తప్ప వాళ్ళ దగ్గర ఇంకేమీ లేదు. వాళ్ళది ఎక్కడో దూరాన ఒక దీవి. ఆ దీవి రాజుకి వాళ్ళంటే పడలేదు. ఎందుకు పడలేదని అడక్కు, అలాంటి రాజులకి కారణాలతో పనిలేదు. వాళ్ళ ఇళ్ళకి నిప్పు పెట్టించాడు. వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని పడవలెక్కారు.

ఉప్పురేవు వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, అది ముందే చెప్తున్నాను. ఖాళీగా ఉన్న ఉప్పుకొట్టు ఒకటి ఊడ్చి, వాళ్ళకి ఉండటానికి ఇచ్చారు. ఇంటికింత అన్నం, ఇంత పులుసు గిన్నెల్లో పెట్టి పంపించారు. అప్పుడు ఊరిపెద్ద బైరాగినాయుడు అందర్నీ పిలిచి, "వానలు పడేదాకా ఉండనిద్దాం. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. ఈలోగా వీళ్ళకి మన మాటా మన మంచీచెడ్డా ఎవరైనా నేర్పాలి. ఎవరు నేర్పుతారు?" అన్నాడు.

ఒకాయన ఆకాశం కేసి చూశాడు. ఇంకొకాయన కాలి వేళ్ళు చూసుకున్నాడు. మూడో ఆయనకి ఆవు పాలు పితకాలని అప్పుడే గుర్తొచ్చింది.

అప్పుడు గున్నమ్మ చెయ్యెత్తింది. "నానెల్తాను. మాటలేనా, నా దగ్గిర గంపలకి గంపలున్నాయి" అంది.

ఊరంతా నవ్వింది. ఎందుకంటే గున్నమ్మ నోరు మూతపడటం ఎవరూ చూడలేదు. పొయ్యితో మాట్లాడేది, చీపురుతో మాట్లాడేది, నిద్దట్లో కూడా ఎవరితోనో గొడవపడేది. వాళ్ళాయన అప్పలకొండ నెమ్మదస్తుడు. "ఎల్లవే తల్లీ, నా సెవులు కొన్నాళ్ళు సల్లబడతాయి" అన్నాడు.

ఆ రోజు నుంచి గున్నమ్మ ఇంటి పని తెముల్చుకుని ఉప్పుకొట్టుకి వెళ్ళేది. ఎవరూ ఆవిడకి కూలి ఇవ్వలేదు, ఆవిడా అడగలేదు. దీవి వాళ్ళందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని మొదలుపెట్టేది. ముందు నీళ్ళు, నిప్పు, అన్నం. ఆ తర్వాత అమ్మ, అయ్య, ఇల్లు. ఆ తర్వాత ఎవరు మనోళ్ళో, ఎవరు పరాయోళ్ళో అదీ నేర్పింది. ఆ ఊళ్ళో అది తెలియకపోతే బతకటం కష్టం మరి.

వాళ్ళలో హేలా అని ఒకామె ఉంది. హేలాకి తూమీ అని ఒక కూతురు, సరిగ్గా నీ అంత. హేలా గున్నమ్మ నోటి కేసే చూస్తూ ప్రతి మాటా పట్టుకునేది. తూమీ అయితే వచ్చిన వారానికే గున్నమ్మ ఒళ్ళో తలపెట్టి పడుకోవటం మరిగింది. గున్నమ్మ ఆ పిల్ల జుట్టుకి చిక్కు తీస్తూ పాఠం చెప్పేది.

అంతా బాగానే ఉంది కానీ, ఒక్కటే లోటు. గున్నమ్మ చెప్పటమే కానీ వాళ్ళని ఒక్క మాటా అడిగేది కాదు. మీ ఊళ్ళో ఏం తినేవాళ్ళు, ఎలా దండం పెట్టేవాళ్ళు, ఏదీ అడగలేదు. చెప్పటానికే పొద్దు చాలకపోతే అడగటానికి తీరికేదీ?

ఇప్పుడు గిన్నెల సంగతికొద్దాం. ఉప్పురేవులో ఒక ఆచారం ఉంది. మన ఇంట్లోనూ ఉందనుకో. పక్కింటి గిన్నె వట్టిది తిరిగి ఇవ్వకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు ఉప్పయినా, రెండు పచ్చిమిరపకాయలైనా వేసి ఇవ్వాలి. ఇక గిన్నె బోర్లించి గుమ్మంలో పెట్టడమంటే ఆ ఊళ్ళో మహా అశుభం. మనిషి పోయిన ఇంట్లోనే అలా పెడతారు, ఈ పూట వంట లేదని చెప్పటానికి.

దీవి వాళ్ళేం చేశారు? ఎవరింటి గిన్నె వాళ్ళింటికి, ఇసకతో తళతళా తోమి, గుమ్మం ముందు బోర్లించి, నమస్కారం పెట్టి వెళ్ళేవాళ్ళు. రోజూ అంతే.

గున్నమ్మ ఈ ఆచారం వాళ్ళకి చెప్పలేదా అంటావు. చెప్పాలని తోచలేదు పాపం. ఊపిరి పీల్చటం ఎవరైనా నేర్పుతారా?

మొదట్లో జనం సరిపెట్టుకున్నారు. ఆ తర్వాత ఒకరింట్లో పెరుగు తోడుకోలేదు. తోడు పాతదయితే పెరుగేం తోడుకుంటుంది? అయినా "గిన్నె బోర్లించారు, అందుకే" అన్నారు. ఆ తర్వాత పారమ్మ ఆవు చచ్చిపోయింది. పారమ్మ ఊరిపెద్దకి మేనత్త, ఒంటరి మనిషి. ఆ ఆవు తప్ప ఆవిడకి ఇంకెవరూ లేరు. ఆవిడ ఏడ్చిన ఏడుపు ఊరంతా విన్నది. ఆ తర్వాత వేళకాని వాన ఒకటి కురిసి, మడుల్లో పేరుకున్న ఉప్పంతా కరిగి నీళ్ళైపోయింది.

ఇంక ఊరుకుంటారా? గిన్నెలు పంపటం మానేశారు. గున్నమ్మ ఒక్కతే కాసిని నూకలు, ఒక కుండ, రెండు గిన్నెలు ఉప్పుకొట్టులో పెట్టి వచ్చింది. పారమ్మ నాయుడింటి ముందు కూర్చుని, "అన్నం పెట్టిన సేతికి సావు కోరినోళ్ళురా ఈళ్ళు. ఆళ్ళుంటే నానుండను" అంది. నాయుడు ఆలోచించాడు. నలుగురితో మాట్లాడాడు. ఎల్లుండి పొద్దున్నే వాళ్ళు పడవలెక్కి వెళ్ళిపోవాలని తేల్చేశాడు.

ఆ పడవలెలా ఉన్నాయనుకున్నావు? ఒకదానికి అడుగు పలక ఊడింది. ఒకదానికి తెడ్లు లేవు. మూడోది ఒడ్డున ఎండకి నోరు తెరుచుకుని ఉంది. పైగా వానాకాలం ముంచుకొస్తోంది. సముద్రం ఎలా ఉంటుందో ఉప్పురేవులో తెలియనివాళ్ళు లేరు. తెలిసీ ఎవరూ మాట్లాడలేదు.

గున్నమ్మ మాట్లాడింది. ముందు వెళ్ళి ఊరి మీద అరిచింది. "పసిగుంటల్ని సముద్రంలోకి తోసీసి ఏటి బావుకుంటారు మీరు?" అంది. ఎవరూ వినలేదు. అప్పుడు ఉప్పుకొట్టుకి వెళ్ళి దీవి వాళ్ళ మీద అరిచింది. వాళ్ళ మీద ఆవిడకీ కోపమే, ఎందుకంటే ఆవిడ గుమ్మంలో కూడా గిన్నె బోర్లించే పెట్టారు కదా. ఆ అరుపుల వేగానికి వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ తర్వాత ఇంటికెళ్ళి అప్పలకొండ మీద అరిచింది. ఆయన చేసిన తప్పేమీ లేదు, దగ్గరున్నాడంతే.

తెల్లారేసరికి గున్నమ్మకి గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

మాట రాకపోయినా కాళ్ళు ఊరుకోలేదు, ఉప్పుకొట్టుకి వెళ్ళి కూలబడింది. దీవి వాళ్ళు చింకిచాపలు చుట్టుకుంటున్నారు. తూమీ వచ్చి ఎప్పట్లాగే ఒళ్ళో తలపెట్టింది. ఈ తలని రేపు ఆ చిల్లు పడవలో పెట్టాలా అనుకునేసరికి గున్నమ్మకి గుండె చెరువైపోయింది.

అప్పుడు హేలా ఒక గిన్నెలో వేడివేడి గంజి తెచ్చి గున్నమ్మ చేతిలో పెట్టింది. గొంతుకి మంచిదని సైగ చేసింది. గున్నమ్మ తాగింది. తాగాక ఆవిడకి కోపం మళ్ళీ పొంగింది. మీరు చేసిన తప్పేమిటో చూడండి అని చెప్పాలనిపించింది. నోరు లేదు కదా, అందుకని ఖాళీ గిన్నెని వాళ్ళందరి ముందు ఠక్కున నేల మీద బోర్లించింది.

అంతే, అందరూ చాపలొదిలేసి లేచారు. ముసలివాళ్ళు చేతులు తల మీద పెట్టుకుని ఏడవటం మొదలెట్టారు. హేలా వచ్చి గున్నమ్మని కౌగిలించుకుని వదలదు. గున్నమ్మకి కంగారు పుట్టింది. తిడితే కౌగిలించుకుంటారేమిటి వీళ్ళు?

జీవితంలో మొదటిసారి గున్నమ్మ అడిగింది. మాటతో కాదులే. గిన్నె చూపించి, చెయ్యి తిప్పి, ఏమిటి అన్నట్టు చూసింది. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగింది. ఆగక ఏం చేస్తుంది, గొంతు లేదుగా.

హేలా ఒక గిన్నె తీసి మామూలుగా పెట్టింది. "పరాయోళ్ళిల్లు" అంది. అదే గిన్నెని బోర్లించింది. "మనోళ్ళిల్లు" అంది.

అప్పుడు తెలిసింది గున్నమ్మకి. వాళ్ళ దీవిలో పరాయి ఇంట్లో తింటే గిన్నె అలాగే వదిలేస్తారు. సొంతవాళ్ళింట్లో తింటేనే బోర్లిస్తారు. కడుపు నిండింది, ఇంక అడిగేదేమీ లేదు, మీరు మావాళ్ళు అని దానికి అర్థం. ఇన్నాళ్ళూ ఉప్పురేవులో ప్రతి గుమ్మం ముందూ రోజూ ఆ మాటే చెప్పి వచ్చారు వాళ్ళు. తిరిగి వాళ్ళకి ఆ మాట ఒక్కరూ చెప్పలేదు. ఎవరైనా చెప్తారేమోనని చూసి చూసి, వెళ్ళిపోయే ముందురోజు గున్నమ్మ చెప్పిందనుకున్నారు.

గున్నమ్మ సిగ్గుతో ముఖం కొంగులో దాచుకుంది. ఆవిడ బోర్లించింది తిట్టటానికి కదమ్మా.

మర్నాడు పొద్దున్నే రేవులో ఊరంతా చేరింది. పారమ్మ ముందు వరసలో నిలబడింది. దారికని వండుకున్న గంజికుండ, గిన్నెలు పక్కన పెట్టుకుని దీవి వాళ్ళు నిలబడ్డారు. గున్నమ్మ గబగబా వచ్చి నాయుడి ముందు నోరు తెరిచింది. గాలి వచ్చింది. ఊరికి అక్కర్లేనప్పుడు ఇరవై ఏళ్ళు మోగిన గొంతు, కావలసిన పూట మూగబోయింది.

గున్నమ్మ అటూ ఇటూ చూసింది. ఆ తర్వాత హేలా చెయ్యి పట్టుకుని ముందుకి తోసి, తను వెనక్కి జరిగింది.

హేలా ఒకసారి గున్నమ్మ కేసి చూసింది. తర్వాత అచ్చం గున్నమ్మలాగే నడుం మీద చెయ్యి వేసుకుని, "ఓలమ్మా, నాను సెప్తాను ఇనండి" అంది. జనం నవ్వాపుకోలేకపోయారు. అదే యాస, అదే విసురు. అప్పలకొండ అయితే, "ఇద్దరయ్యారు నాయనా" అని నెత్తి కొట్టుకున్నాడు.

హేలా కుండ పక్కనున్న గిన్నె ఒకటి తీసి ఇసకలో నిలబెట్టింది. "పరాయోళ్ళింట్లో గిన్నె ఇలాగ" అంది. నవ్వులు తగ్గాయి. గిన్నెని బోర్లించింది. "మనోళ్ళింట్లో గిన్నె ఇలాగ" అంది. నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు ఊరికేసి చెయ్యి చాపి, ఒక్కో ఇల్లూ చూపించింది. పారమ్మ ఇల్లూ చూపించింది. "ఈ ఇల్లు, ఈ ఇల్లు, ఈ ఇల్లు. అన్నీ మనోళ్ళిల్లే" అంది. ఆమెకి వచ్చిన మాటలు అయిపోయాయి.

నాయుడు తలవంచుకున్నాడు.

పారమ్మ మాత్రం హేలా కేసే చూస్తోంది. ఆవు పోయినప్పటినుంచి ఆ ముసలావిడతో మనోళ్ళు అన్న మాట అన్నవాళ్ళు లేరు. అందరూ ఆవిడ తగువు విన్నారు కానీ ఆవిడ ఇంట్లో దీపం పెట్టిందో లేదో ఎవరూ చూడలేదు.

పారమ్మ మెల్లిగా నడిచి గంజికుండ దగ్గరకి వెళ్ళింది. ఇసకలో చతికిలబడింది. "ఆవు ముసల్ది, పోయింది. నాను రెండ్రోజుల్నించి తిన్లేదు. ఇంత గంజి పొయ్యమ్మా" అంది.

హేలా పోసింది. పారమ్మ తాపీగా, చివరి గుక్కదాకా తాగింది. ఊరంతా చూస్తుండగా ఆ గిన్నెని ఇసకలో బోర్లించింది. ఆ తర్వాత తల తిప్పి, "సూస్తావేటిరా నాయుడూ? ఆ పడవలు పైకి లాగించు. ఈళ్ళు మనోళ్ళు" అంది.

పడవల్ని ఒడ్డు మీదకి లాగటానికి పట్టని చెయ్యి లేదు ఆ పూట.

ఆ తర్వాత గున్నమ్మకి గొంతు తిరిగొచ్చింది. రావద్దని మొక్కుకున్నవాళ్ళు కూడా ఉన్నారంటారు, మనకెందుకులే. కానీ ఇప్పుడు పది మాటలు చెప్పి, ఒకటి అడిగి, జవాబుకి ఆగేది. వట్టి గిన్నె ఇవ్వకూడదని హేలాకి అప్పుడు చెప్పింది. బోర్లించకపోతే ఎలా అని హేలా, వట్టిది ఇస్తే ఎలా అని గున్నమ్మ, ఇద్దరూ సాయంత్రం దాకా వాదించుకున్నారు. తూమీ విని విని విసిగిపోయి గిన్నె బోర్లించింది. బోర్లించిన గిన్నె అడుగు పైకొచ్చింది కదా, దాని మీద చిటికెడు ఉప్పు పెట్టింది. పెట్టి పారమ్మ ఇంటికి పట్టుకెళ్ళింది. ఉప్పు ఒలికిపోకుండా, ఊపిరి బిగబట్టి, అడుగులో అడుగేసుకుంటూ.

పారమ్మ ఆ ఉప్పుని వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుంది. అప్పటినుంచి ఉప్పురేవులో ఎవరి గిన్నె ఎవరిచ్చినా అలాగే ఇస్తారు.

ఊఁ కొట్టటం మానేశావేం, నిద్దరొచ్చిందా? రేపు బళ్ళో ఆ కొత్త పిల్ల పక్కన కూర్చో. నీకొచ్చినవన్నీ గడగడా అప్పజెప్పకు, మన వంశంలో అందరం గున్నమ్మలమే. ముందు ఏదో ఒకటి అడుగు. అడిగి, ఆగు.

గిన్నె చేరింది ఇంటికి,
ఉప్పు తగిలింది నోటికి,
కథ నడిచింది కంచికి,
నిద్దర రావాలి నీ కంటికి.