పిలిస్తే పలకని పాటలు

భీమిలి ఒడ్డున ఒక చిన్న ప్రచురణ సంస్థలో వకుళ అనే ప్రోగ్రామరు ఉండేది. పని బాగా వచ్చిన పిల్లే కానీ, తన కంటికి కనబడనిది అసలు లేనే లేదని తేల్చేసే అలవాటు ఆమెకుండేది.

ఆ ఏడాది ఆ సంస్థ జాలరిపేటల్లో పాడుకునే జోలపాటలను పుస్తకంగా వేయాలనుకుంది. టేపుల్లో ఉన్న పాటలను విని టైపు చేసే పని జమీలాది. ఆమెకు యాభై దాటాయి. ఒక్క మాట సరిగ్గా వినబడకపోతే పదిసార్లు వెనక్కి తిప్పి వినేది. ఇది పాట, ఇది పాడినవారి పేరు, ఇది చరణం అని వేటికవి గుర్తులు పెట్టి ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్లో ఉంచేది. ఆ ఫైళ్లను పుస్తకం పేజీలుగా మార్చడం వకుళ పని. అందుకోసం ఆమె ఒక స్టైల్‌షీట్ రాసింది. 'పాట' అన్న గుర్తు ఉన్నచోటికల్లా వెళ్లు, పేరు తెచ్చి పైన పెట్టు, చరణాలు తెచ్చి కింద పేర్చు. అందులో ఉన్నవన్నీ ఇలాంటి ఆజ్ఞలే.

మొదటి రెండు ఫైళ్లూ చక్కగా పేజీలయ్యాయి. ఆఖరిది పోలమ్మ పాటల ఫైలు. అరవై పాటలు. వాటిని టేపుకు పాడిన కొన్నాళ్లకే ఆ ముసలామెకు జబ్బు చేసి గొంతు పోయింది. ఆ పాటలు ఇంకెవరికీ రావు.

పుస్తకం ప్రెస్సుకు వెళ్లాల్సిన రోజు పొద్దున్నుంచీ సన్నటి వాన. సముద్రం మీది తడిగాలి పొగలా గదిలోకి వచ్చి కాగితాలను మెత్తబరుస్తోంది. వకుళ ఆఖరి ఫైలు మీద తన స్టైల్‌షీట్ నడిపింది. తెల్ల పేజీ వచ్చింది. మళ్లీ నడిపింది. మళ్లీ తెల్ల పేజీయే. ఫలానా తప్పు జరిగిందని కంప్యూటర్ ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

"జమీలక్కా, ఈ ఫైల్లో ఏమీ లేదు," అంది వకుళ.

"అరవై పాటలున్నాయమ్మా. నేనే కదా టైపు చేశాను."

"ఉంటే ఎందుకు రావు? ముందు రెండు ఫైళ్లూ ఈ స్టైల్‌షీట్‌తోనే వచ్చాయిగా. మీరు సేవ్ చెయ్యడం మరిచిపోయి ఉంటారు."

"మరిచిపోలేదు. ఒక్కసారి తెరిచి చూడమ్మా."

"చూసేదేముంది? లేనిది లేదు."

ఆ మాటలు పక్కగదిలో ఉన్న సంపాదకుడు అనంతశయనంగారి చెవిన పడ్డాయి. ఆయన గుమ్మంలోకి వచ్చి, "ఐదింటికి ప్రెస్సు వాళ్లు వస్తారు. పోలమ్మ పాటలు లేకుండానే పంపేద్దాం. ఇంత నిర్లక్ష్యమైతే ఎలా జమీలా?" అన్నాడు.

జమీలా కుర్చీలోంచి లేచింది. గొడుగు తీసుకుని వానలోకి వెళ్లిపోయింది.

ఫైలు ఖాళీగా ఉందని అనంతశయనంగారికి కాగితం మీద రాసి ఇవ్వాలి గనక, వకుళ అప్పుడు దాన్ని తెరిచింది. తెర నిండా అక్షరాలు.

అల వచ్చి తొంగి చూసె, అమ్మాయి నిదరోయె,
వల చాటు చేపపిల్ల వెన్నెల్లొ నిదరోయె...

ఆమె ఒక పాట చదివింది. తర్వాత ఇంకొకటి. బయట వాన, లోపల ఫ్యాను చప్పుడు, ఆ రెంటి మధ్యా ఎవరో పెద్దావిడ చాపమీద కూర్చుని తన తల నిమురుతున్నట్టు అనిపించింది. పాటలో పడవలన్నీ ఒడ్డుకు చేరి పక్కపక్కనే పడుకున్నాయి. గాలి కూడా గొంతు తగ్గించింది. వకుళ రెప్పలు బరువెక్కాయి. అరమూతలు పడ్డ ఆ కళ్లతో ఎంత చదివినా పాటలు అయిపోవడం లేదు. ఇన్ని పాటలనా తను లేవన్నది! ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

స్టైల్‌షీట్‌లో 'పాట'. ఫైల్లోనూ 'పాట'. అక్షరం అక్షరం పోల్చి చూసింది. తేడా లేదు. మరి పిలిస్తే ఎందుకు పలకడం లేదు? ఏమీ తోచక, తడుస్తూనే లైట్‌హౌస్ వెనక వీధిలో ఉన్న జమీలా ఇంటికి వెళ్లింది.

"అక్కా, పాటలున్నాయి. చూడకుండానే మాట అనేశాను. తప్పు నాదే," అంది గుమ్మంలో నిలబడి. "అవెందుకు రావడం లేదో నాకింకా తెలియదు. ఈ ఫైలు చేసేటప్పుడు ఏదైనా మారిందా?"

జమీలా తువ్వాలు అందించింది. "ఈ మాట పొద్దున్నే అడగొచ్చుగా," అంది. "పాత కంప్యూటర్ చెడిపోతే దీన్ని కొత్తదాంట్లో చేశాను. ఏ ఫైలు మొదలుపెట్టినా అది పైన దానంతటదే ఒక పొడుగాటి లైను పెడుతుంది. వెబ్‌సైట్ అడ్రసులా ఉంటుంది. తీసేస్తే ఏమవుతుందోనని ముట్టుకోలేదు."

వకుళకు అంతా తేటతెల్లమైంది. తను మొదటి లైను చూడకుండా దాటేసింది! ఆ లైను కిందున్న ప్రతి గుర్తుకూ ఒక ఇంటిపేరు తగిలిస్తుంది. పైకి 'పాట' అనే కనబడినా, కంప్యూటర్‌కు అది ఫలానా ఇంటి పాట. తన స్టైల్‌షీట్ మాత్రం ఇంటిపేరే లేని పాట కోసం వెతికింది. అలాంటిది ఒక్కటీ దొరక్క తెల్ల పేజీ ఇచ్చి ఊరుకుంది.

ఇద్దరూ ఒకే గొడుగులో ఆఫీసుకు వచ్చారు. వకుళ అదే అడ్రసును స్టైల్‌షీట్‌లో రాసి, దానికొక పొట్టిపేరు పెట్టి, 'పాట' ముందూ 'చరణం' ముందూ తగిలించింది. నడిపింది. తెర మీద పాటలు ఒకటొకటే తేలివచ్చాయి. కానీ పైన పోలమ్మ పేరు లేదు.

వకుళ నోటిదాకా ఏదో మాట వచ్చింది. దాన్ని మింగేసి, "అక్కా, నేనే ఎక్కడో వదిలేసి ఉంటాను. చూస్తానుండండి," అంది. వదిలేసిన మాట నిజమే. 'పేరు' ముందు ఇంటిపేరు తగిలించలేదు. అదీ సరిచేశాక అరవై పాటల మీదా పోలమ్మ పేరు వెలిసింది.

వకుళ అనంతశయనంగారి దగ్గరకు వెళ్లి జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆయన వచ్చి, "తొందరపడి అన్నాను జమీలా, మనసులో పెట్టుకోకు," అన్నాడు. ఐదింటికి పుస్తకం మొత్తం ప్రెస్సుకు వెళ్లింది.

"కోపం పోయిందా అక్కా?" అని అడిగింది వకుళ.

"పాటలొచ్చాయి కదా, సంతోషం," అంది జమీలా కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ. "కోపానికి ఇంకో రెండు రోజులు పడుతుందిలే."

నీతి: మనకు దొరకనంత మాత్రాన ఏదీ లేదని తీర్పు చెప్పకూడదు, ఎదుటివారిని తప్పు పట్టేముందు మనం వెతికిన తీరు సరైనదో కాదో చూసుకోవాలి.